మన సంఘం వెదురు పని: వార్షిక నివేదిక, అడిస్ అబాబా

సభ్యులందరికీ నమస్కారం.

ఈ పని ఎందుకు మొదలుపెట్టామో మీకు తెలిసిందే. నిరుడు మన హాలుకని రోడ్డు పక్క కొన్న వెదురు స్టూళ్లు గుర్తున్నాయా? ఆరు నెలలకే కింద పసుపు పొడి రాలింది. పుచ్చు పురుగు! ఆఫ్రికాలో అన్నిటికన్నా ఎక్కువ వెదురున్న దేశం ఇథియోపియా. దక్షిణాన సిదామా కొండల్లో ఇళ్లే దానితో అల్లుకుంటారు. పడమట అసోసా వైపు లోపల గుల్లలేని గట్టి రకం పెరుగుతుంది. చేయి తిరిగిన పనివాళ్లకూ కొదవలేదు. మూడేళ్లు నిండని లేత గెడ నరికి, మందు పట్టించకుండా అల్లి అమ్మేయడంతోనే వస్తోంది చిక్కంతా. పురుగు పట్టిన కుర్చీ కొన్నవాడు మళ్లీ ప్లాస్టిక్‌కే పోతాడు. పైగా లేతవి నరికితే పొద నీరసిస్తుంది. ముదురువి ఏరి తీస్తే మళ్లీ వానలకు పిలకలు వేస్తుంది.

అందుకే గెడలు ముంచి పురుగు మందు పట్టించే తొట్టి కట్టించాం. సెప్టెంబరు 18, ప్రపంచ వెదురు దినం నాడు ప్రారంభించాం. తెల్లారినప్పటి నుంచి వాన, నాకైతే ఒకటే టెన్షన్. అయినా అల్లికపనివాళ్లు గెడలు భుజాన వేసుకుని వచ్చేశారు. 100 లీటర్ల నీటికి 3 కిలోల బోరాక్స్, 2 కిలోల బోరిక్ ఆసిడ్ కలిపి, ఇనుప చువ్వతో కణుపులు పొడిచి గెడలు ముంచాం. సిదామా పెద్దాయన ఒకాయన ఒక్కో గెడనీ వేలితో కొట్టి, చప్పుడు విని, ముదురువి ఒక పక్క, లేతవి ఒక పక్క పెడుతుంటే మన కోశాధికారి గారు "మా ఊరి మేదర్లూ ఇంతేనండీ" అంటూ చెప్పులు విడిచి ఆయన పక్కనే చతికిలబడ్డారు. భోజనాల దాకా లేవలేదు.

అమ్హారిక్‌లో మాట సాయం చేసిన విద్యార్థులకు, పులిహోర వండి తెచ్చిన అక్కయ్యలకు, బురదలో వ్యాను దిగబడినా విసుక్కోని డ్రైవరు గారికి కృతజ్ఞతలు.

జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డుకు అంటించాం, ఆడిటర్ గారు సంతకం పెట్టారు. తొట్టికి అనుకున్నదానికంటే ఎక్కువైంది, సిమెంటు ధర మీకు తెలియనిది కాదు.

ఒక మాట చెప్పక తప్పదు. వాట్సాప్‌లో "మేమొస్తాం" అన్నవాళ్లు 34 మంది. తొట్టి కట్టే రోజు వచ్చింది ఐదుగురు, అందులో ఇద్దరు ఫొటో దిగి వెళ్లారు. ఇక స్థలం అనుమతి కాగితం ఒక ఆఫీసులో ఏడు వారాలు కూర్చుంది. అమ్హారిక్‌లో 'నెగె' అంటే రేపు అని నాకు అక్కడే వంటపట్టింది.

మందు పట్టించి చేసిన రెండు స్టూళ్లు హాల్లో పాతదాని పక్కనే పెట్టాం. తిరగేసి చూసుకోండి. వానకి తొట్టిలో మందు పలచబడుతోంది, వచ్చే శనివారం రేకు మూత బిగించాలి. ఇద్దరు చాలు. రానివాళ్లు దయచేసి గ్రూపులో బొటనవేలు పెట్టకండి.

ఇట్లు,
కార్యదర్శి