వెట్టి సరుకుకు మన రేవుల్లో అడ్డేది?

సంపాదకుడికి,

మన సోలార్ కంపెనీలు అమెరికాకు పంపే ప్యానెళ్లకు అక్కడి రేవుల్లో కాగితాల బెడద ఎక్కువైందని మీ వాణిజ్యం పేజీలో చదివాను. అదేదో ఎగుమతిదారుల కష్టం అన్నట్టు సాగింది ఆ వార్త. అసలు ఆ కాగితాలు ఎందుకు అడుగుతున్నారన్నది మాత్రం అందులో ఒక్క ముక్క లేదు.

చైనా పశ్చిమాన షిన్‌జియాంగ్‌లో ఉయ్‌ఘర్ ముస్లింలు పది లక్షల మంది దాకా నిర్బంధ శిబిరాల్లో ఉన్నారని ఐక్యరాజ్యసమితి కమిటీ ముందు 2018లోనే చర్చకు వచ్చింది. అవి వృత్తి శిక్షణ కేంద్రాలని చైనా అంటుంది. శిబిరాలతో పాటు ‘పేదరిక నిర్మూలన’ పేరుతో ఊళ్ల నుంచి మనుషుల్ని జమకూర్చి పత్తి చేలకు, ఫ్యాక్టరీలకు పంపే పథకాలున్నాయి. రానని చెప్పే వీలు ఆ మనుషులకు ఎంతుందో ఊహించుకోవచ్చు. దీనికి జవాబుగా అమెరికా కాంగ్రెస్ 2021 డిసెంబరులో ఒక చట్టం చేసింది, 2022 జూన్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. షిన్‌జియాంగ్‌లో పూర్తిగా తయారైనా, అందులో ఒక్క భాగం అక్కడిదైనా, ఆ సరుకు వెట్టి సరుకేనని ముందే అనుకుంటారు. కాదని దిగుమతిదారు గట్టి ఆధారాలతో చూపిస్తేనే అది రేవు దాటుతుంది. 2025 జనవరికి 144 కంపెనీలు ఆ చట్టం కింద జాబితాకెక్కాయి. వాటి సరుకు ఎక్కడ తయారైనా ఇదే పద్ధతి.

అమెరికాలో వెట్టి సరుకు దిగుమతి మీద నిషేధం 1930 నుంచే ఉంది. అయితే దేశంలో సరిపడా తయారుకాని సరుకైతే ఫర్వాలేదని అందులో ఒక కిటికీ వదిలారు. దాన్ని మూసింది 2016లో! 800 డాలర్ల లోపు పార్శిళ్లు సుంకం లేకుండా, పెద్దగా తనిఖీ లేకుండా లోపలికి పోయే దారి ఇంకా ఆలస్యంగా, చైనా సరుకు వరకు 2025 మేలో మూతపడింది. కాబట్టి వాళ్ల చిత్తశుద్ధికి హారతి పట్టమని నేననడం లేదు. నా మాట అంతా రుజువు ఎవరు చూపాలన్న ఆ ఒక్క ఏర్పాటు గురించే.

కార్మిక శాఖలో పనిచేసి రిటైరయినవాణ్ణి. ఒకసారి పెద్దపల్లి దగ్గర ఒక ఇటుక బట్టీకి తనిఖీకి పోయాం. కుర్చీలు వేశారు, బొండాలు కొట్టించారు. బలాంగీర్ నుంచి వచ్చిన కుటుంబాలను వరుసగా నిలబెట్టారు. వాళ్లను తోలుకొచ్చిన సర్దారే మాకు దుబాసీ. అడ్వాన్సు ఎంత, కూలి ఎంత, ఊరికి పోతామంటే పోనిస్తారా అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: ‘ఇబ్బంది ఏం లేదు సార్.’ రిజిస్టర్లో వేలిముద్రలన్నీ సక్రమం. జీపెక్కబోతుంటే ఒకామె నీళ్ల ట్యాంకు చాటు నుంచి ఆధార్ జిరాక్సు చూపించి, అసలుది మునీము దగ్గరుందని సైగ చేసింది. ఆ జిరాక్సే లేకపోతే మా నివేదికలో ‘ఫిర్యాదులు లేవు’ అని ఉండేది.

షిన్‌జియాంగ్‌లో ప్రభుత్వమే సర్దారు. ట్యాంకు చాటుకు రాగలిగేదెవరు? అక్కడ ఇక తనిఖీలు చేయబోమని 2020లో ఐదు ఆడిట్ సంస్థలు తప్పుకున్నాయంటే ఊరికే కాదు. పైగా విదేశీ ఆంక్షల అమలుకు తోడ్పడే వాళ్లను శిక్షించే చట్టం 2021 జూన్‌లో చైనా తెచ్చింది. అలాంటి చోట ‘బాధితుడు నోరు విప్పితే చూద్దాం’ అనే చట్టం కాగితానికే పరిమితం.

ఇదేదో అమెరికా బుర్రలో పుట్టిన కొత్త ఆలోచన అనుకుంటే పొరపాటు. అప్పు వెట్టి అప్పు కాదని నిరూపించాల్సింది అప్పిచ్చినవాడేనని మన 1976 వెట్టి నిర్మూలన చట్టం 15వ సెక్షన్ చెబుతుంది. ఫరీదాబాద్ రాతి క్వారీల కూలీల కోసం బంధువా ముక్తి మోర్చా రాసిన ఉత్తరాన్ని సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుని 1983 డిసెంబరులో తీర్పు చెప్పింది. బలవంతంగా పనిచేయిస్తున్నట్టు తేలితే చాలు, అడ్వాన్సు కిందే చేయిస్తున్నారని, అంటే అది వెట్టేనని కోర్టు అనుకుంటుంది, కాదని యజమాని చూపించుకోవాలి అన్నది. మా తాతల తరం గడీకి వెట్టికి పోయింది. ఆ మాట విలువ తెలంగాణ వాళ్లకు ఒకరు చెప్పాలా?

వెట్టి సరుకును ఆపడానికి ఐరోపా సమాఖ్య 2024లో చేసిన నిబంధన 2027 డిసెంబరు 14 నుంచి అమలవుతుంది. అందులో నిరూపించే బరువు అధికారుల మీదే పెట్టారు. అడుగు పెట్టనివ్వని చోట వాళ్లేం నిరూపిస్తారో చూడాలి. కెనడా 2024 నుంచి తమ సరుకులో వెట్టి ఉందా అన్నదాని మీద కంపెనీలను ఏటా నివేదికలు రాయమంటోంది. నివేదికలు ఎలా రాస్తారో నాకు తెలుసు, ముప్పయ్యేళ్లు అవే చదివాను.

ఇక మనం. 2022 అక్టోబరు 6న ఐరాస మానవహక్కుల మండలిలో షిన్‌జియాంగ్ మీద చర్చ జరగాలా వద్దా అన్నదానికే ఓటింగ్ జరిగితే 17 దేశాలు అవునన్నాయి, 19 కాదన్నాయి. తటస్థంగా ఉన్న 11 దేశాల్లో మనదొకటి. దౌత్యం అవసరాలు దౌత్యానికుంటాయి, సరే. కానీ సరుకు సంగతి దౌత్యం కాదు. సూర్యఘర్ పథకం కింద మా డాబా మీద మూడు కిలోవాట్లు పెట్టించాను, 78,000 రూపాయల సబ్సిడీ పడింది. ప్యానెల్, సెల్ దేశీయమని స్టిక్కర్ ఉంది. ఆ సెల్‌కు వేఫర్ (సెల్ తయారయ్యే పల్చటి సిలికాన్ పలక) ఎక్కడిది, దానికి ముడిసరుకైన పాలీసిలికాన్ ఎక్కడిది అని అడిగితే బిగించడానికి వచ్చిన కుర్రాడు నవ్వి ‘సబ్సిడీ పడింది కదా సార్’ అన్నాడు. 2020 నాటికి ప్రపంచ పాలీసిలికాన్‌లో దాదాపు 45 శాతం షిన్‌జియాంగ్‌దే.

మన చేతులూ శుభ్రం కాదని తెలుసు. వెట్టితో, పిల్లల చాకిరీతో తయారయ్యే సరుకుల జాబితా అమెరికా కార్మిక శాఖ వేస్తే అందులో మన హైబ్రిడ్ పత్తి విత్తనం ఉంటుంది. మా శాఖ దాడుల్లో ఆ పొలాల నుంచి బడికి పంపిన పిల్లల్ని చూశాను. అయినా లోపల వెట్టి నేరమైన దేశంలోకి బయటి వెట్టి సరుకు నిరాటంకంగా రావడంలో తర్కం నాకు అర్థం కాలేదు. కస్టమ్స్ చట్టం 11వ సెక్షన్ కింద ప్రజాప్రయోజనం కోసం దిగుమతిని ఆపే అధికారం కేంద్రానికి ఇప్పటికే ఉంది. మొదటి అడుగుకు ఒక నోటిఫికేషన్ చాలు.

రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీల్లో ఒక్కరైనా వచ్చే సమావేశాల్లో ఈ ప్రశ్న వేయాలి: మన రేవుల్లో దిగుతున్న వేఫర్ల ముడిసరుకు ఎక్కడిదని కస్టమ్స్ ఒక్కసారైనా అడిగిందా? జవాబు వస్తే అదే పేజీలో వేయగలరు.

— విశ్రాంత కార్మిక శాఖ అధికారి, కరీంనగర్