ఎలుకల్లో వచ్చిన ఫలితమని ముందే చెప్పాలి

క్యాన్సర్ కణితికి నేరుగా మందు చేర్చే నానో పదార్థాలపై ఒక ఫార్మసీ ఆచార్యుని పరిశోధన గురించి వచ్చిన వార్తలో, ఆ ఫలితాలు ఎలుకల్లో వచ్చినవన్న మాట చిట్టచివరి వాక్యంలో మాత్రమే ఉండటం రోగులను తప్పుదారి పట్టిస్తుంది. ఇదే విషయం బోధించే నా దగ్గరకు, అలాంటి వార్త కత్తిరింపును స్కానింగ్ రిపోర్టుల మధ్య మడిచి తెచ్చి, కీమో ఆపి ఈ మందు వచ్చేదాకా ఆగవచ్చా అని ఒక తల్లి అడిగింది. లైపోజోములనే నానో పరిమాణపు కొవ్వు బుడగల్లో పొదిగిన డాక్సోరుబిసిన్ అనే క్యాన్సర్ మందు 1995లోనే అమెరికాలో అనుమతి పొంది, గుండెకు జరిగే హానిని తగ్గించిన మాట నిజమే. కానీ పదేళ్ల జంతు ప్రయోగాలను పరిశీలించి 2016లో వెలువడిన విశ్లేషణ ప్రకారం, ఎక్కించిన నానో కణాల్లో కణితిని చేరేది మధ్యస్థంగా 0.7 శాతమే, మిగతావాటిలో చాలావాటిని కాలేయం, ప్లీహం పట్టేస్తాయి. అందువల్ల పరీక్ష జరిగింది ప్రయోగశాలలో పెంచిన జీవకణాలపైనా, జంతువులపైనా, మనుషులపైనా అన్నది శీర్షిక కిందే ముద్రించాలి; పరిశోధకులు కూడా ఆ వివరం లేకుండా పత్రికా ప్రకటన ఇవ్వకూడదు.