ఏటి పక్క రైలు కట్ట మీదికి వచ్చేవాళ్లకు: ఈ సీజన్‌లో మార్చినవి

సన్న టైర్ల సైకిళ్లు ఇకమీదట అద్దెకు ఇవ్వడం లేదు. 28 మి.మీ. టైరే కావాలని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి కారణం చెప్పాలి. పట్టాలు తీసేసిన కట్ట మీద ఇప్పుడున్నది తారు కాదు, సున్నపురాయి చూర. అందులో చిన్న రాళ్లతో పాటు రాతిపొడి ఉంటుంది. ఆ పొడే తడిసి, రోలరు కింద అణిగి రాళ్లను పట్టి ఉంచుతుంది. గట్టి వాన పడితే అదే మెత్తబడుతుంది. సన్న టైరు అందులో గాడి కోస్తుంది, గాడిలో నీళ్లు నిలుస్తాయి, మరో వానకు పొడి కొట్టుకుపోయి వట్టి రాళ్లు తేలతాయి. తొక్కేవాళ్లకు కష్టం, బాటకు నష్టం.

ఇప్పుడు అన్నిటికీ 42 మి.మీ. టైర్లే. గాలి మీ బరువు చూసి మేమే కొట్టి ఇస్తాం: 60 కిలోల మనిషికి ముందు 30, వెనక 35 పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలత), 85 కిలోలకు ముందు 38, వెనక 43. మెత్తగా ఉందని దారిలో పంపు తీసి కొట్టకండి, చక్రం రాళ్ల మీద ఎగిరి పట్టు తప్పుతుంది. ఇంకా తగ్గించినా చిక్కే. మా దగ్గరికి తిరిగొచ్చే ట్యూబుల్లో చాలావాటికి ముల్లు గుచ్చుకున్న రంధ్రం ఉండదు. పాము కాటులా పక్కపక్కనే రెండు చీలికలుంటాయి. అవి వంతెనల దగ్గర పడేవి. వంతెన చెక్కలు ఉన్నచోటే ఉంటాయి, దానికి ఆనుకున్న మట్టి మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ కుంగుతుంది. దాంతో మొదటి చెక్క అంచు రెండు మూడు సెంటీమీటర్లు పైకి తేలుతుంది. వేగంగా వెళ్లి గుద్దితే ట్యూబు ఆ అంచుకూ రిమ్ముకూ మధ్య నలిగిపోతుంది. అక్కడ నెమ్మదించి, సీటు మీంచి కాస్త లేవండి. తడి చెక్కల మీద బ్రేకు వేయొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు.

ఇక సైకిళ్లు ఆలస్యంగా తిరిగి ఇచ్చే సంగతి. రైలు నిట్టనిలువుగా ఎక్కలేదు కాబట్టి ఇలాంటి కట్టల వాలు మామూలుగా వందకు ఒకటి, రెండు దాటదు. కంటికి ఆనదు, కాళ్లకు తెలుస్తుంది. వందకు ఒకటి చొప్పున 16 కి.మీ. ఎగువకు పోతే 160 మీటర్లు ఎక్కినట్టు. అందుకే ముందు ఎగువకు వెళ్లి, వచ్చేటప్పుడు హాయిగా జారుకుంటూ రావచ్చని చాలామంది లెక్కేసుకుంటారు. కొండల మధ్య లోయల్లో ఎండ కాసిన మధ్యాహ్నం గాలి దిగువ నుంచి ఎగువకు వీస్తుందన్నది ఆ లెక్కలో ఉండదు. నిటారుగా కూర్చుని గంటకు 15 కి.మీ. వేగంతో తొక్కే మనిషికి అంతే వేగంతో ఎదురుగాలి తగిలితే, ఆ ఒక శాతం వాలు చేసే సాయమంతా పోయి, పైగా ఇంకా కష్టపడి తొక్కాల్సి వస్తుంది. వెళ్లడానికి ఎంత పట్టిందో రావడానికీ అంత సమయం ఉంచుకోండి. ఆలస్యానికి అదనం అడగడం మాకూ ఇబ్బందే, కానీ మీ తర్వాత బుక్ చేసుకున్నవాళ్లు ఆ సైకిల్ కోసమే నిలబడి ఉంటారు.

ఏరు పొంగి తీసిన మర్నాడు సైకిళ్లు ఇవ్వం. డబ్బు వెనక్కి తీసుకోండి, లేదా తేదీ మార్చుకోండి. ఎండ కాస్తోంది, బాట పొడిగానే ఉంది కదా అంటారు. అసలు ప్రమాదం అడుగునుంది. కట్ట కింది తూముల్లో చాలావరకు రైలు నాటివే. చెత్త అడ్డుపడితే నీళ్లు తూము పక్కనుంచి దారి చేసుకుని మట్టిని కోసేస్తాయి. పైపొర గట్టిగానే కనిపిస్తుంది, లోపల డొల్ల. బాట మీద కొత్తగా గుండ్రంగా కుంగిన చోటు, అంచు వెంబడి నిలువు పగులు, కట్ట వాలులో బురదనీరు ఊరడం: వీటిలో ఏ ఒక్కటి చూసినా దిగి, నడిపించుకుంటూ వెనక్కి వచ్చేయండి. ఏటి ఒడ్డు కట్టలకు ఇది పాత జబ్బే. అమెరికాలో మిస్సోరీ నది వెంట సాగే కేటీ ట్రైల్ కూడా 1993 వరదల్లో తీవ్రంగా దెబ్బతింది.

నడిచేవాళ్లకు చెప్పాల్సింది తక్కువే. వాననీరు జారిపోవడానికి చాలా చోట్ల బాట మధ్యలో ఉబ్బి, అంచులకు వాలి ఉంటుంది. పొద్దస్తమానం ఒకే అంచు పట్టుకుని నడిస్తే ఒక పక్క తుంటి, మోకాలు ముందు పట్టేస్తాయి. బాట ఖాళీగా ఉన్నప్పుడు మధ్యలో నడవండి. వెనక గంట వినపడితే ఉన్న పక్కకే జరగండి, అటు నుంచి ఇటు దాటొద్దు.

సొంత సైకిళ్లు సర్వీసుకు తెచ్చేవాళ్లకు: సున్నపురాయి బురద ఎండితే గట్టిపడి వదలదు. ఆ రోజే మామూలు పైపుతో కడిగేయండి, ప్రెషర్ పంపు మాత్రం చక్రం నడిమి హబ్బుల మీద పెట్టొద్దు, నీళ్లు బేరింగుల్లోకి పోతాయి. చెయిన్‌కు చిక్కటి నూనె రాస్తే దుమ్మంతా దానికే అంటుకుంటుంది. పొడి రోజుల్లో మైనం రకం మేలు. రిమ్ము బ్రేకులైతే, రిమ్మును పట్టే రబ్బరు బ్లాకుల్లో ఇరుక్కున్న రాతి రేణువుల్ని పిన్నుతో తీసేయండి. తీశాక కూడా గరగర వినిపిస్తే ఇంకో రైడుకు పోకుండా తీసుకురండి. బ్లాకులు మార్చడం చిన్న పని, రిమ్ము అరిగిపోతే చక్రమంతా కట్టాలి.