మా తాబేలు మరణం గురించి పశుసంవర్ధక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పశుసంవర్ధక శాఖ మంత్రివర్యుల సముఖమునకు,

అయ్యా,

తొమ్మిదేళ్ళు మా ఇంట్లో పెరిగిన తాబేలు గత మాఘమాసంలో జబ్బుచేసి చనిపోయింది. గోదావరి జిల్లాలోని ఒక పట్టణంలో కాపురముంటున్న గృహిణిని నేను. మా అమ్మాయి రెండో తరగతిలో ఉండగా అక్వేరియం షాపులో కొన్న ఆ తాబేలు పిల్ల అప్పటికి పది రూపాయల బిళ్ళకన్న కాస్త పెద్దది. కళ్ళ వెనుక ఎర్రని చారలుండే ఆ జాతి అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతానిదని, పెరిగితే డిప్ప అడుగు పొడవుకు చేరవచ్చని, సరిగా చూసుకుంటే 20 నుంచి 30 ఏళ్ళు బతుకుతుందని అమ్మినవారు మాకు చెప్పలేదు. ఒక గాజు తొట్టి, ఒక మేత డబ్బా ఇచ్చి పంపించారు.

జబ్బు ఎప్పుడు మొదలైందో మాకు తెలియదు, ఎందుకంటే ఈ జీవులు నీరసాన్ని చివరిదాకా బయటపడనివ్వవు. మేము గమనించేసరికి అది నీటిలో ఒక పక్కకు ఒరిగిపోయి ఈదుతోంది. ముక్కు దగ్గర బుడగలు, వాచిన కళ్ళు, మెడ చాచి నోరు తెరిచి తీసుకునే ఊపిరి. పశువుల ఆసుపత్రికి తీసుకెళితే అక్కడి డాక్టరుగారు దాన్ని ఎంతో జాగ్రత్తగా చేతిలోకి తీసుకుని చూసి, “అమ్మా, గేదెకైతే, కుక్కకైతే వైద్యం చేస్తాను గాని, తాబేలుకు ఏ మందు ఎంత మోతాదులో ఇవ్వాలో నాకు ఎవరూ నేర్పలేదు” అన్నారు. ఆ నిజాయితీకి ఆయన మీద నాకు గౌరవమే తప్ప కోపం లేదు. తెలిసినవారి ద్వారా హైదరాబాదులో ఒక వైద్యుణ్ణి ఫోనులో పట్టుకునేసరికి నాలుగు రోజులు గడిచాయి. ఊపిరితిత్తులకు చీము పట్టి ఉంటుందని, ఇంజెక్షను వెనుక కాళ్ళకు చేస్తే మందు ముందుగా మూత్రపిండాల మీదుగా పోయే వీలుంది కనుక ముందుకాళ్ళ వైపే చేయాలని ఆయన చెప్పారు. ఆ మాట చెప్పి మా ఊళ్ళో మొదటి ఇంజెక్షను చేయించిన మర్నాడు అది కదలడం మానేసింది.

చనిపోయిందని నిర్ధారించేవారు కూడా మాకు దొరకలేదు. చలికి ఒళ్ళు చల్లబడిన తాబేలు చచ్చినట్టే పడి ఉండవచ్చని విన్నాం కాబట్టి, దాన్ని పొడి తువ్వాలులో పెట్టి, పక్కన దీపపు వెచ్చదనం ఉంచి, రాత్రంతా కాపలా కూర్చున్నాం. తెల్లవారి వాసన పట్టాక గాని మాకు నమ్మకం కుదరలేదు. పెరట్లో జామచెట్టు కింద పాతిపెట్టాం. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి వారం రోజులు సరిగా తినలేదు. “తాబేలుకేనా ఇంత ఏడుపు, ఇంకొకటి తెచ్చుకుంటే పోదా” అన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, కాని ఆ మాట తర్వాత మా అమ్మాయి ఎవరి ముందూ ఏడవలేదు. ఒకనాటి రాత్రి మాత్రం, “అమ్మా, మనమే చంపేశామా?” అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ నేను తెలుసుకున్నది ఇది. తాబేలు డిప్ప గట్టిపడాలంటే కాల్షియంతో పాటు ఎండలోని అతినీలలోహిత కిరణాలు కావాలి. ఆ కిరణాలను కిటికీ అద్దం ఆపేస్తుంది. మేము తొమ్మిదేళ్ళూ తొట్టిని అద్దాల కిటికీ పక్కనే పెట్టి, ఎండ తగులుతోందని సంతోషపడ్డాం. ఒళ్ళు ఆరబెట్టుకోవడానికి పొడి గట్టు పెట్టలేదు, ఆకుకూరలు వేయలేదు. ప్రేమకు లోటు చేయలేదు, చేయవలసినవి మాత్రం తెలియలేదు.

పెంపుడు జంతువుల దుకాణాలు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలని 2018 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. తాబేలు అమ్మే ప్రతి దుకాణం దాని ఆయుష్షు, పెరిగే పరిమాణం, కావలసిన అతినీలలోహిత కిరణాల దీపం, మేత, పట్టుకున్నాక చేతులు కడుక్కోవలసిన అవసరం తెలుగులో అచ్చువేసిన ఒక కాగితం మీద ఇచ్చి తీరాలని మీరు ఉత్తర్వు ఇవ్వవచ్చు. తాబేళ్ళ నుంచి సాల్మొనెల్లా అనే రోగక్రిమి పిల్లలకు సోకుతోందని అమెరికాలో నాలుగు అంగుళాల లోపు డిప్ప ఉన్న తాబేళ్ళ అమ్మకాన్ని 1975లోనే నిషేధించారు. మా అమ్మాయి చేతిలో పెట్టినది అందులో సగం కూడా లేదు.

అంతకన్న ముఖ్యంగా, తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ద్వారా జిల్లాకు ఒక్క వైద్యుడికైనా సరీసృపాల చికిత్సలో శిక్షణ ఇప్పించండి. పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోను చేసినవారికి ఆ వైద్యుడి పేరు చెప్పే ఏర్పాటు చేయండి. మేము పోగొట్టుకున్న నాలుగు రోజులు ఇంకొక ఇంటికి మిగులుతాయి.

పెంచలేనివారు అప్పగించే చోటు కూడా ఒకటి కావాలి. మా బంధువు ఒకరు మా తాబేలును శ్రీకూర్మం గుడిలో వదిలిరమ్మన్నారు. అక్కడున్నవి నేల మీద తిరిగే నక్షత్ర తాబేళ్ళని, ఇది నీటిజాతి అని ఆయనకు తెలియదు. చెరువులో వదిలితే ఈ పరాయి జాతి మన తాబేళ్ళ తిండికీ చోటుకూ పోటీ వస్తుంది.

మా తొట్టి ఖాళీగా ఉంది. ఇంకొకటి తెమ్మని మా అమ్మాయి అడగలేదు. ఈ లేఖకు మీ శాఖ నుంచి జవాబు వస్తే తనకు చదివి వినిపిస్తాను.

ఇట్లు
భవదీయురాలు,
ఒక తల్లి