బడి కరెంటు మీటరు పిల్లలకు అప్పగించండి

సంపాదకులకు,

పర్యావరణం పేరుతో బళ్లలో పోస్టర్లు వేయిస్తున్నారు, ప్రతిజ్ఞలు చేయిస్తున్నారు. బడి వల్ల వెలువడే కర్బన ఉద్గారాలు తగ్గాయా లేదా అన్నది మాత్రం ఎవరూ లెక్క చూడడం లేదు. ఆ లెక్క పిల్లలకే అప్పగించాలన్నది మా విన్నపం. అందుకు కరెంటు మీటరు, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు.

సాయంత్రం బడి వదిలాక ఒకసారి, మర్నాడు తెరవగానే మరోసారి రీడింగ్ రాయాలి. డిజిటల్ మీటరు తెర మీద అంకెలు మారిపోతుంటాయి. వోల్టేజీనో, కేవీఏహెచ్ అనే మరో కొలతనో కాకుండా కేడబ్ల్యూహెచ్ (కిలోవాట్ అవర్, అంటే మనం యూనిట్ అనేది) అని చూపించే అంకెనే తీసుకోవాలి. పెద్ద బడుల్లో సీటీ మీటరు (ఎక్కువ కరెంటును ట్రాన్స్‌ఫార్మర్‌తో తగ్గించి కొలిచేది) ఉంటే, రెండు రీడింగుల తేడాను మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్‌తో, అంటే ఆ తగ్గింపును సరిచేసే గుణకంతో, హెచ్చించాల్సి రావచ్చు. ఇది మరచిపోతే వాడకం పిసరంతే కనబడి, అంతా బాగుందనుకుంటారు. సాయంత్రం నాలుగున్నర నుంచి పొద్దున ఎనిమిదిన్నర దాకా 16 గంటలు. ఆ వేళలో 24 యూనిట్లు కాలాయంటే, మనిషన్నవాడు లేని బడిలో రాత్రంతా సగటున ఒకటిన్నర కిలోవాట్లు ఖర్చవుతున్నట్టే.

అది దేనికి పోతోందో మీటరు మీద మిణుకుమనే చిన్న ఎర్రలైటు చెబుతుంది. యూనిట్‌కు ఎన్ని మిణుకులో మీటరు మీదే రాసి ఉంటుంది. 3200 అని ఉందనుకుందాం. ఒక నిమిషంలో వచ్చే మిణుకులను 60తో హెచ్చించి 3200తో భాగిస్తే అప్పటి వాడకం కిలోవాట్లలో వస్తుంది. 80 మిణుకులకు ఒకటిన్నర. ఒక్కొక్క పరికరాన్నీ ఆపుతూ మళ్లీ లెక్కపెడితే కారణం వాటర్ కూలరో, ఆపకుండా వదిలేసిన కంప్యూటర్లో తేలిపోతుంది. కూలర్ కంప్రెసర్ ఆగి ఆగి నడుస్తుంది కనుక పావుగంట తేడాతో రెండుమూడుసార్లు చూడాలి. హైస్కూలు పిల్లలు తేలిగ్గా చేయగల లెక్కే ఇది. మెయిన్ బోర్డు జోలికి మాత్రం పెద్దలే వెళ్లాలి.

ఇక పగటి సంగతి. గదికి 75 వాట్ల ఫ్యాన్లు ఆరు, 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులు నాలుగు అనుకుంటే మొత్తం 530 వాట్లు. ప్రార్థన, ఆటలు, భోజనం వేళల్లో రోజుకు రెండు గంటలు ఖాళీ గదిలో నడిస్తే ఒక యూనిట్ పైమాటే. 20 గదులకు, 200 పనిదినాలకు 4,240 యూనిట్లు. బొగ్గుతో తీసిన కరెంటయితే యూనిట్‌కు కిలోకు అటూఇటూగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అంటే ఏడాదికి దాదాపు నాలుగు టన్నులు.

'స్విచ్చులు ఆపండి' అని గోడ మీద రాస్తే ఇది ఆగదు. బోర్డుకు పది స్విచ్చులుంటాయి, ఏది దేనిదో ఎవరికీ తెలియదు. కిటికీ పక్క ట్యూబు ఆపబోయి మాస్టారి మీది ఫ్యాను ఆపేసిన పిల్లవాడు మళ్లీ ఆ బోర్డు దగ్గరికి రాడు. ప్రతి స్విచ్చు కింద 'కిటికీ ట్యూబు', 'తలుపు ఫ్యాను' అని చీటీ అతికించి పైన పారదర్శక టేపు వేయాలి. బాధ్యత ఇద్దరికివ్వాలి. ఒకరు రాకపోయినా పని సాగుతుంది. తడి చేతులతో స్విచ్చులు తాకకూడదని, విరిగినవాటి గురించి టీచరుకు చెప్పాలని ముందే నేర్పాలి. పాతకాలపు పెట్టె రెగ్యులేటర్లున్న చోట ఫ్యాను వేగం తగ్గించినా కరెంటు ఆ మేరకు ఆదా కాదు, కొంత రెగ్యులేటర్‌లోనే వేడిగా పోతుంది. గది ఖాళీ అయితే పూర్తిగా కట్టేయాల్సిందే.

భోజనం మిగుళ్లు చెత్తగుట్టలో గాలి ఆడక కుళ్లితే మీథేన్ అనే వాయువు పుడుతుంది. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. ముందు కొంచెమే వడ్డించుకుని, చాలకపోతే మళ్లీ అడిగే అలవాటు చేయాలి. మిగులు బకెట్టును రోజూ తూచి బరువు రాయాలి. అప్పటికీ మిగిలినదాన్ని ఒక వంతుకు రెండు మూడు వంతుల ఎండుటాకులతో కలిపి కంపోస్టు వేయాలి. కుప్ప పిండిన గుడ్డంత తడిగా ఉండాలి. దుర్వాసన వస్తే నీరెక్కువై గాలి అందడం లేదన్నమాట. ఇంకొన్ని ఎండుటాకులు వేసి తిరగేస్తే సర్దుకుంటుంది. బడి ఆవరణలో ఆకులు ఊడ్చి తగలబెట్టడం ఇకనైనా మానాలి, కంపోస్టు కుప్పకు కావలసినవి అవే.

కాగితం రెండువైపులా వాడడం, దగ్గరి పిల్లలు నడిచి రావడం అందరికీ తెలిసినవే. గేటు ముందు బళ్లు ఇంజిన్ ఆపకుండా నిలబడడాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, పొగ పీల్చేదేమో అక్కడ నిలబడ్డ పిల్లలే. ఇంజిన్ ఆపమని తల్లిదండ్రులకు పిల్లల చేతే చెప్పించాలి.

మొదటి రెండు వారాలు ఏమీ మార్చకుండా రీడింగులు మాత్రమే రాయించండి. ముందటి లెక్క లేకపోతే తర్వాత ఎంత తగ్గిందో చెప్పలేం. ఎండాకాలంలో ఫ్యాన్లు ఎక్కువ తిరుగుతాయి కాబట్టి ఈ నెలను పోయిన నెలతో కాక, నిరుడు ఇదే నెలతో పోల్చాలి. పాత బిల్లులు ఆఫీసు గదిలోనే ఉంటాయి, వాటిని ప్రధానోపాధ్యాయులు పిల్లలకు చూపించాలని కోరుతున్నాం.

ఇట్లు,
ఇంధన పొదుపుపై పనిచేస్తున్న ఉపాధ్యాయులు