ఒరేయ్ పులసా, బావ రేసు కథ విను

భీమవరం

ఒరేయ్ పులసా,

తిట్టుకో, పడతాను. నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్ళయిందో చెబితే ఇంకో నాలుగు ఎక్కువ తిడతావు కాబట్టి చెప్పను. అయినా గోదారికి ఎర్రనీళ్ళొచ్చాయి, అసలు పులసలు వచ్చాయి, కొన్నవాళ్ళు గొప్పగా చెప్పుకోవడాలు కూడా అయిపోయాయి, నువ్వు మాత్రం ఈ ఏడు కూడా ఎదురెక్కలేదు. చెల్లుకు చెల్లు.

ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తాను. నాన్నకి కంటి ఆపరేషన్ అయింది, బాగా కనపడుతోందట, నాకు బట్టతల వస్తోందని మొట్టమొదట కనిపెట్టింది ఆయనే. సార్వా నాట్లు అయిపోయాయి. రొయ్యల వంద కౌంటు రేటు మళ్ళీ పడింది. చిన్నాడు బడికి పోనని రోజూ గోల. అంతే. ఇప్పుడు అసలు సంగతి.

బావ కారు రేసుకెళ్ళాడురా! చూడ్డానికి కాదు. తోలడానికి!

ఫోన్లో చెప్పచ్చు. కానీ నువ్వు "కప్పు వచ్చిందా లేదా ముందది చెప్పు" అని మొదట్లోనే కథ పీక నొక్కేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నా, చచ్చినట్టు వరసగా చదువు. చివరి పేజీ ముందు చూశావో, ఆచంట తిరునాళ్ళ సంగతి మీ ఆవిడకి రాసేస్తాను.

అవును, ఆ బావే. బాతుల మంద మొత్తం రోడ్డు దాటేదాకా ఇంజను కట్టేసి కూర్చున్న బావే. నువ్వు విసుగెత్తి కారు దిగి, గట్టు మీద నడుచుకుంటూ పోయి, మేం వచ్చేసరికి అక్క చేత రెండో కాఫీ పెట్టించుకుంటున్న రోజు గుర్తుందా? ఆ బావే. కాలవ గట్టు మీద ఆయన నలభై దాటగా చూసినవాడు లేడు.

ఈ పిచ్చి ఆయనది కాదట, వాళ్ళ నాన్నది. పెద్దాయన కొబ్బరికాయల లారీ మీద మద్రాసు వెళ్ళేవాడు కదా. మన వైపు నుంచి పోతుంటే ఊళ్ళోకి దిగే ముందు షోలవరం తగులుతుంది. యుద్ధం రోజుల్లో విమానాల కోసం వేసిన రన్‌వే ఉండేది, దాని మీద రేసులు పెట్టేవాళ్ళు. లారీ ఓ చెట్టు కింద పెట్టి చూసొచ్చేవాడట, ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని నోటితో గేర్లు మార్చి చూపించేవాడట. ఆ రేసులు పెట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు 1953 నాటిది. వాళ్ళే తరవాత శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగట్టుకోట్టైలో అచ్చంగా రేసుల కోసమే ట్రాకు కట్టారు, 1990లో. మన బావ తోలింది అక్కడే. వెళ్ళేటప్పుడు షోలవరం దగ్గర డీసీఎం వ్యాను ఆపించి దిగి, కాసేపు అటే చూస్తూ నిలబడ్డాడు. నేనేం అడగలేదు.

కారు సంగతి చెప్పలేదు కదూ. రెండేళ్ళ కిందట రొయ్యలు కలిసొచ్చాయని కోయంబత్తూరు నుంచి పాత మారుతి ఎస్టీమ్ తెచ్చాడు. అక్కకి "చెరువుల మీదకి తిరగడానికి" అని చెప్పాడు. అక్క తలుపు తీసి చూసింది. లోపల ఒకటే సీటు, చుట్టూ ఇనప గొట్టాల పంజరం, కింద తివాచీ కూడా లేదు, రేకే. "నేనెక్కడ కూర్చోవాలి?" అంది. ఆ ప్రశ్నకి బావ ఇప్పటిదాకా జవాబు చెప్పలేదు. కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలో తోలడం నేర్చుకున్న రోజుల్లో ఇంట్లో ఏం చెప్పాడో తెలుసా? మేత కంపెనీ వాళ్ళ మీటింగు అని! రేసర్ నారాయణ్ కార్తికేయన్ ఊళ్ళో ఏ మేత మీటింగురా? ఇంకా నయం, లైసెన్సుకి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం ఇక్కడి డాక్టరు దగ్గరికెళితే, పోటీ అన్న మాట చూసి "ఈ మధ్య పందేలకి సర్టిఫికెట్లు కూడానా, ఏ బరిలో అండి?" అన్నాడట. భీమవరం కదా, ఆయన తప్పేముంది.

మేం నలుగురం. బావ, నేను, కారు మేస్త్రి డీసీఎంలో, వెనకాల కారు. అక్క విషయం బయటపడ్డాక మూడ్రోజులు మాట్లాడలేదు, నాలుగో రోజు పులిహోర డబ్బా పట్టుకుని సర్కారు ఎక్స్‌ప్రెస్ ఎక్కేసింది. పెద్దాడిని అమ్మ దగ్గర వదిలిందిలే.

శనివారం తనిఖీ. దాన్ని స్క్రూటినీ అంటారు. హెల్మెట్ చూశారు, ఒంటికేసుకునే నిప్పంటుకోని సూటు చూశారు, బెల్టుల మీద తేదీలు చూశారు, బయటి నుంచి కరెంటు కట్టేసే స్విచ్చి లాగి ఇంజను ఆగుతుందో లేదో చూశారు. అన్నీ బావున్నాయి. చివర్న ఆ తనిఖీ చేసే పెద్దమనిషి ముందుకొచ్చి బంపరు కింద వంగి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. కారుని లాగే కొక్కేనికి మేస్త్రి నిమ్మకాయలూ పచ్చిమిరపకాయలూ కట్టాడు! ఊడిపడే వస్తువేదీ కారుకి ఉండకూడదు, తియ్యమన్నాడు. మేస్త్రి తియ్యనన్నాడు. ఆయనకి తమిళం, ఈయనకి తెలుగు, మధ్యలో నా ఇంగ్లీషు సంగతి నీకు తెలుసు. ఆఖరికి బావే విప్పి మేస్త్రి జేబులో పెట్టాడు. "నీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే" అన్నాడు. మేస్త్రి రెండ్రోజులూ ఆ జేబు మీద చెయ్యి తియ్యలేదు.

మధ్యాహ్నం క్వాలిఫయింగ్, అంటే రేసులో ఎవరు ఎన్నో వరసలో నిలబడాలో తేల్చే పరుగు. పదహారు కార్లలో పద్నాలుగు. నాకు మనసు చివుక్కుమంది, బావకి మాత్రం ఏం లేదు, ఇద్దరు వెనక ఉన్నారుగా అన్నాడు. కానీ చప్పుడు రా! 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ కరెంటు కార్ల రేసు చూసి, చప్పుడే లేదు టికెట్ డబ్బులు వెనక్కిమ్మంటానన్నావే, నువ్వు ఇక్కడుండాల్సింది. పాత పదమూడొందల సీసీ ఇంజనే, సైలెన్సర్ పేరుకి మాత్రం ఉంది. గుండెల మీద తగులుతుంది.

ఆదివారం మూడింటికి రేసు, ఎనిమిది చుట్లు. ఒక చుట్టు మూడు కిలోమీటర్ల ఏడొందల మీటర్లు. కార్లన్నీ గ్రిడ్ మీద, అదే బయల్దేరే చోట, వరసగా నిలబెట్టాక చినుకులు మొదలయ్యాయి. చూస్తుండగానే దంచేసింది. ముందు వరసల వాళ్ళు పొడి రోడ్డు టైర్లతో ఉన్నారు, మార్చుకునే వ్యవధి లేదు. బావకి ఉన్నదే ఒక సెట్టు, అదీ గాట్లున్నవి. దరిద్రం కూడా ఒక్కోసారి పనికొస్తుంది.

ఇక్కడ నీకో విషయం చెప్పాలి, లేకపోతే తరవాతది అర్థం కాదు. ఎండగా ఉంటే అందరూ మలుపుల్లో ఒకే దారిలో పోతారు. ఆ దారంతా టైర్ల రబ్బరు అరిగి అంటుకుపోయి ఉంటుంది, పొడిగా ఉన్నంతసేపూ పట్టంతా దాని మీదే. తడిసిందా, ఆ దారే జారుతుంది. పక్కన, ఎవరూ తొక్కని గరుకు తారు మీదే పట్టు. పెద్ద రేసర్లందరికీ తెలుసట ఇది. కొత్తవాళ్ళ రేసు కదా, చాలామంది అలవాటైన దారిలోనే పోయారు. మరి బావ? శ్రావణమాసంలో మన నరసాపురం కాలవ గట్టు ఎలా ఉంటుందో అలాగే చూశాడు ఆ ట్రాకుని. ట్రాక్టర్లు తిరిగి తిరిగి నున్నగా చేసిన జాడలో పడితే బండి కాలవలోకే కదా. ఒక టైరు గడ్డి అంచున, ఒకటి రెండు జాడల మధ్య, పెడల్ మీద కాలు ఆనీ ఆననట్టు. పాతికేళ్ళ నుంచీ ఆయన చేస్తున్నది అదే, మనం ఎనకాల కూర్చుని నవ్వుతున్నదీ దాన్నే.

నా పని బోర్డు. పిట్ గోడ దగ్గర, అంటే మన కార్లు ఆపుకునే చోటికీ ట్రాకుకీ మధ్య గోడ దగ్గర నిలబడి, ప్రతి చుట్టుకీ ఆయన ఎన్నో స్థానంలో ఉన్నాడో చూపించాలి. హేచరీలో పాత నల్లబోర్డు, సుద్దముక్క. మొదటి చుట్టు తిరిగొచ్చేసరికి బోర్డు మీద ఏం లేదు, సుద్దంతా నా చొక్కా మీద ఉంది. మేస్త్రి తెల్ల ఇన్సులేషన్ టేపు తీశాడు. "తొక్కు" అని రాద్దామన్నాడు. మన అక్షరాలన్నీ గుండ్రం, టేపు చూస్తే తిన్నగా తప్ప వంగదు. అంకెలే అంటించాం. 11. తరవాత 9 కావాల్సొచ్చింది, అది నలుచదరంగా వచ్చింది. తరవాత 7. నా చేతులు వణుకుతున్నాయి, వానకని మేస్త్రికి చెప్పాను.

ఈలోగా ఇంకో గొడవ. వాన తట్టుకోలేక మేస్త్రి నెత్తిన పసుపు తువ్వాలు కప్పుకున్నాడు. నువ్వేమనుకుంటున్నావో తెలుసు, రాజకీయం కాదు, శుద్ధమైన తువ్వాలు. ట్రాకు పక్కన జెండాలు ఊపే మార్షల్ కుర్రాడు పరిగెత్తుకొచ్చి లాగేశాడు. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉన్నట్టు లెక్క. తోలేవాళ్ళు నెమ్మదించాలి, ఒకర్నొకరు దాటకూడదు. గోడ మీద పసుపు రంగేదైనా కనపడితే జెండా అనుకుంటారట. న్యాయమే. మేస్త్రి మాత్రం ఎలక్షన్లలో కూడా ఇంత అవమానం జరగలేదన్నాడు.

ఐదో చుట్టులో బావ రాలేదు.

కార్లు వరసగా పోతున్నాయి, తెల్ల ఎస్టీమ్ లేదు. ఎంతసేపో కాదు, కొన్ని సెకన్లే. కానీ నాకు సిద్ధాంతం వంతెన దగ్గర ఆ రాత్రి, మనవాడి చెప్పు ఒకటే రోడ్డు మీద... వద్దులే. అది రాయను. నువ్వూ అడక్కు.

వచ్చాడు. మలుపులో వెనక చక్రాలు జారి పక్కకి పోయిందట, నిలబెట్టుకున్నాడు. అయినా ఆ చుట్టు ఐదో స్థానం, ఎందుకంటే మిగతావాళ్ళు ఇంకా ఎక్కువ జారారు. ఏడో చుట్టుకి నాలుగు. నాలుగంకె టేపుతో ఎంత బాగా వస్తుందో తెలుసా!

ఆఖరి చుట్టు. మూడోవాడు గడ్డిలోకి పోయి ఇరుక్కున్నాడని స్పీకర్లో అన్నారు. అంటే బావ మూడు! నేను మేస్త్రిని ఎత్తేశాను. మలుపు తిరిగి రెండు కార్లొచ్చాయి, మూడోదిగా ఎర్ర కారొకటి దూసుకొచ్చింది. దాని వెనక బావ. నాలుగు.

కారు దిగి హెల్మెట్ తీశాడు. మేస్త్రి ఏడుస్తూ అరిచాడు, ఎందుకొదిలేశారండీ వాణ్ణి అని. బావ నీళ్ళు తాగి, "జెండా ఊపుతున్నారు కదా. ఆ ఇరుక్కున్న కారు దగ్గరికి మనుషులు పరిగెడుతున్నారు. కాలు తీశాను. వాడు తియ్యలేదు" అన్నాడు. అంతే మాట. రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యచ్చు, అరగంట టైముంటుంది, డబ్బు కట్టాలి. నేను జేబులోంచి తీశాను కూడా. బావ ఒప్పుకోలేదు. జెండా పట్టుకున్నవాడికి కళ్ళు లేవా, నువ్వు కూర్చో అన్నాడు. అక్కడ నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది, చెప్పకేం. మంచితనానికి కూడా ఓ హద్దుండాలి.

అవతల గెలిచినవాళ్ళు ఎక్కే పోడియం మీద ఆ ఎర్ర కారు కుర్రాడు కప్పు ఎత్తుతున్నాడు. ఇవతల మేం డీసీఎం నీడన తడి బట్టలతో పులిహోర తింటున్నాం. అక్క బావ కంచంలో జీడిపప్పులన్నీ ఏరి వేస్తోంది. ఒక్కటి నాకు వెయ్యలేదు.

చీకటి పడుతుండగా నోటీసుబోర్డు దగ్గర గుంపు. మలుపులో నిలబడ్డ మార్షళ్ళు తమంతట తామే రాసిచ్చారట. పసుపు జెండా కింద దాటినందుకు ఎర్ర కారుకి సెకన్లు కలిపారు. బావ మూడు!

నేను పరిగెత్తుకొచ్చి చెబుతున్నాను, వెనకాలే ఆ కుర్రాడు. ఇరవై ఏళ్ళుంటాయో లేవో, చంకలో కప్పు. "సారీ అన్నా, వానలో జెండా కనపడలేదు" అన్నాడు. కనపడలేదో, కనపడనట్టున్నాడో వాడికే తెలియాలి, నేనింకా నమ్మను. అక్క లేచింది. "మనుషులు కనపడలేదా నీకు, మీ అమ్మకి ఒక్కడివా, ఇంకెవరైనా ఉన్నారా" అని మొదలుపెట్టి అచ్చ తెలుగులో ఐదు నిమిషాలు దులిపేసింది. వాడికి ఒక్క ముక్క అర్థమయ్యుంటే ఒట్టు, తల మాత్రం దించుకునే ఉన్నాడు. తిట్లయ్యాక అదే చేత్తో కంచం ఇచ్చి పులిహోర పెట్టింది. జీడిపప్పు కూడా వేసిందిరా! నాకు వెయ్యనిది!

బావ కప్పు అటూ ఇటూ తిప్పి చూసి, మేస్త్రి జేబులోంచి నిమ్మకాయలు తీయించి అందులో పడేశాడు.

ఇప్పుడా కప్పు మా చెరువు షెడ్డులో ఉంది, ఇంట్లో పెట్టనివ్వలేదు అక్క, ఖర్చు లెక్క తేలేదాకా. ఆ లెక్క నాకు తెలుసు, నీకు చెప్పను, నీ నోట్లో నువ్వుగింజ నానదు. మళ్ళీ ఎప్పుడెళతారో అని అడిగితే బావ టైర్లు అంటాడు, ఇంకో సెట్టు అంటాడు, ఈ పంట చూసి అంటాడు. ఇక్కడ అసలు భయం వేరే ఉంది. నిన్న అక్క నన్ను పక్కకి పిలిచి, ఆడవాళ్ళకి కూడా ఇస్తారట్రా ఆ లైసెన్సు అని అడిగింది. ఇస్తారని నేనింకా చెప్పలేదు. చెబితే బావ ఏమంటాడో, చెప్పకపోతే అక్క ఏం చేస్తుందో, పైగా సీటు ఒకటే కదా ఆ కారుకి, అంటే

ఐసు లారీ వచ్చేసింది, వాడు హారన్ మీద చెయ్యి తియ్యట్లేదు. ఈ రాత్రి చెరువులో రొయ్యల పట్టుబడి. మిగతాది తరవాత. మీ ఆవిడకి నమస్కారాలు చెప్పు, ఆచంట సంగతి చెప్పకు.