పదకొండు రోజులే క్రిస్టీ జీవితమా?

సంపాదకులు గారికి,

మీ ఆదివారం సంచికలో అగాథా క్రిస్టీ మీద వచ్చిన వ్యాసంలో సగానికి పైగా 1926 డిసెంబరులో ఆమె కనిపించకుండా పోయిన పదకొండు రోజులకే సరిపోయింది. గిల్డ్‌ఫర్డ్ దగ్గర వదిలేసిన కారు, హారోగేట్ హోటల్లో మారుపేరు, భర్త ప్రేమ వ్యవహారం అన్నీ నిజమే. కానీ అరవై ఆరు డిటెక్టివ్ నవలలు ఎలా రాయగలిగారు, ఆ రాతల మీద ఎలా బతికారు అన్న ప్రశ్నలకు ఆ పదకొండు రోజుల్లో జవాబు లేదు. ఆసుపత్రి మందుల గదిలోనూ, ప్రచురణ ఒప్పందాల్లోనూ ఉంది. వాటిలో మొదటిదానికి మీ వ్యాసం ఒక్క వాక్యం ఇచ్చింది, రెండోదాన్ని ముట్టుకోనే లేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో సొంత ఊరు టార్కీలోని రెడ్‌క్రాస్ ఆసుపత్రిలో నర్సుగా చేరి, తర్వాత డిస్పెన్సరీకి మారారు. 1917లో మందులు కలిపి ఇచ్చేందుకు అర్హతనిచ్చే అపోథెకరీస్ హాల్ పరీక్ష పాసయ్యారు. అప్పట్లో చాలా మందులు అక్కడికక్కడే తూచి, నూరి, కలిపి ఇవ్వాల్సిందే. ఆమెకు పని నేర్పిన ఫార్మసిస్టు ఒకరోజు దశాంశ బిందువు ఒక స్థానం పక్కన పెట్టి లెక్క కట్టడంతో సపోజిటరీల్లో (మలద్వారంలో పెట్టే మందు బిళ్లల్లో) మందు పదింతలు పడింది. తప్పని ఆయన మొహం మీద చెప్పే హోదా క్రిస్టీకి లేదు. కాలు తడబడినట్టు నటించి ఆ బిళ్లలను పలకతో సహా కింద పడేసి, తొక్కేశారు. ఒకటి బాగానే ఉందంటూ ఆయన తీయబోతే, మట్టి అంటిందని చెప్పి మొత్తం చెత్తబుట్టలో వేశారు. మోతాదు ఎక్కడ తప్పుతుంది, దాన్ని ఎవరు పట్టుకోగలరు అన్న ఎరుక ఆమె నవలలన్నిటా కనిపిస్తుంది.

‘ది మిస్టీరియస్ అఫైర్ ఎట్ స్టైల్స్’ చదవనివారు ఈ పేరా వదిలేయండి. ఆ రోజుల్లో బలానికి స్ట్రిక్నిన్ అనే విషాన్ని కొద్దిగా కలిపిన టానిక్ తాగడం మామూలే. అందులో బ్రోమైడ్ పొడి వేస్తే స్ట్రిక్నిన్ కరిగి నిలవలేక స్ఫటికాలుగా మారి అడుక్కి చేరుతుంది. సీసా కుదపకుండా తాగుతూ పోతే పై మోతాదుల వల్ల ఏమీ కాదు. సీసాలోని విషమంతా ఆఖరి మోతాదులో పడుతుంది. అప్పటికి హంతకుడు ఎక్కడో దూరంగా ఉండొచ్చు. మందులు కలిపేవారికి జాగ్రత్తగా నేర్పే విషయాన్నే ఆమె కథకు ఇరుసు చేశారు. ఫార్మాస్యూటికల్ జర్నల్ ఈ నవలను మెచ్చుకుంటే, మిగతా ఏ సమీక్షకూ పడనంత సంతోషపడ్డారు. 1961లో వచ్చిన ‘ది పేల్ హార్స్’లో థాలియం విషం, జుట్టు రాలడం గురించి చదివి ఉన్న ఒక నర్సు, 1977లో లండన్‌లో రోగం అంతుపట్టని పసిబిడ్డ విషయంలో థాలియాన్ని అనుమానించింది. పరీక్షిస్తే అదే నిజమైంది.

ఇక ఒప్పందాలు. ‘స్టైల్స్’ను ప్రచురణకర్తలు వరుసగా తిప్పి పంపాక బాడ్లీ హెడ్ తీసుకుంది. కోర్టులో సాక్ష్యంగా సాగిన ఆఖరి అధ్యాయం న్యాయశాస్త్రానికి నిలవదని మార్పించింది. ఆ మార్పుతోనే ఆమె డిటెక్టివ్ పొయిరో అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి గుట్టు విప్పే పద్ధతి మొదలైంది. ఆ సలహా వరకు మేలే, షరతులే చేటు చేశాయి. రెండు వేల ప్రతులు అమ్ముడయ్యాకే రాయల్టీ. తర్వాతి ఐదు పుస్తకాలూ వాళ్లకే చూపాలి. మొదటి నవల మీద చేతికొచ్చింది పాతిక పౌండ్లు, అదీ పత్రికలో సీరియల్‌గా వేసుకునే హక్కుల్లో ఆమె వాటా. అచ్చులో పేరు చూసుకునే తొందరలో సంతకం పెట్టే కొత్త రచయితలు ఎక్కడైనా పడే గొయ్యే ఇది. తర్వాత ఏజెంట్ ఎడ్మండ్ కార్క్ చేరాక పరిస్థితి మారింది. మరో నవల సీరియల్ హక్కులకే ఈవెనింగ్ న్యూస్ పత్రిక ఐదొందల పౌండ్లు ఇచ్చింది. ఆ డబ్బుతో మోరిస్ కౌలీ కారు కొన్నారు. పాత ఒప్పందం తీరగానే కాలిన్స్ ప్రచురణ సంస్థకు మారి, 1926లో అక్కడ ఇచ్చిన మొదటి నవల ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’. ఆమె అదృశ్యమైంది ఆ ఏడాదే కాబట్టి పేరు రావడానికి పేపర్ల గోలే కారణమన్న వాదన మీ వ్యాసంలోనూ తొంగిచూసింది. పుస్తకం వచ్చి, దాని ముగింపు మీద గొడవ మొదలైంది అంతకు నెలల ముందే.

వాక్యం అందం కోసం చదవాల్సిన రచయిత్రి కాదని నేనూ ఒప్పుకుంటాను. కానీ హక్కుల విలువ ఆమెలా నేర్చుకున్నవారు తక్కువ. రెండో ప్రపంచ యుద్ధకాలంలోనే ‘కర్టెన్’, ‘స్లీపింగ్ మర్డర్’ నవలలు రాసి దాచి, మొదటిది కూతురికీ, మరొకటి తన రెండో భర్తకూ రాసిచ్చారు. తను బాంబు దాడిలో పోయినా వాళ్లకు ఆధారం ఉండాలని. అమెరికా పన్నుల వివాదం ఏళ్ల తరబడి సాగి, అంత పేరున్నా చేతిలో డబ్బాడని రోజులు చూశారు. అందుకే 1955లో హక్కులన్నీ ఒక కంపెనీకి బదలాయించి తను జీతానికి రాశారు. 1968లో అందులో 51 శాతం కొన్నది బుకర్ సంస్థ. ఆ మరుసటి ఏడాది నుంచి అదే సంస్థ పేరు మీద ఇస్తున్న బహుమతి డిటెక్టివ్ నవలలకు కాక ‘సాహిత్య’ నవలలకు వెళ్తుందని మీ పాఠకులకు తెలుసు.

చివరగా ఒక సవరణ. ‘ది మౌస్‌ట్రాప్’ నాటకం 1952 నుంచి ఒక్కనాడూ ఆగలేదని వ్యాసంలో ఉంది. కోవిడ్ వల్ల 2020 మార్చిలో ఆగి, 2021 మేలో తిరిగి మొదలైంది. వచ్చే సంచికలో వేయగలరు.

ఇట్లు,
ఒక పాఠకురాలు